తెర మూలన చుక్క

పట్నం వెళ్ళి ఒకే రోజున మూడు ఆటలు చూసి రావడం ఒకప్పుడు చిన్న ఊళ్ళ యువకులకు దసరా పండుగతో సమానం. తెలంగాణలో పట్నమంటే హైదరాబాదే. వేరే పేరు చెప్పనవసరం లేదు. 1977 ప్రాంతంలో జనగామలో డిగ్రీ చదువుకుంటున్న ముగ్గురు కుర్రవాళ్ళు, అదే ఊరి సినిమాహాలులో ప్రొజెక్టరు వద్ద సహాయకుడుగా చేరిన నాలుగో కుర్రవాడు, రెండు మూడు నెలలకొకసారి ఆ పండుగ జరుపుకునేవారు. తెల్లవారకముందే పాసెంజరు బండి ఎక్కడం, సికింద్రాబాదులో దిగి డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో ముందు సీటు కోసం పరుగెత్తడం, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఏ హాలు ముందు వరుస కాస్త పొట్టిగా ఉందో చూసి నిలబడడం, ఇదీ కార్యక్రమం. మార్నింగ్ షో, మాటినీ, ఫస్ట్ షో. నడుమ ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్. రాత్రి బండిలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, చూసిన మూడు కథలనూ కలిపి నాలుగో కథ అల్లుకుంటూ ఇల్లు చేరడం.

1977లో విడుదలైన 'అడవి రాముడు'కు టిక్కెట్లు దొరక్క ఒక రోజంతా ఎండలో నిలబడినవారు వాళ్ళు. 1980లో 'శంకరాభరణం' సగం ఖాళీగా ఉన్న హాలులో చూసి, మళ్ళీ వచ్చేసరికి అదే చిత్రానికి జనం విరగబడడం కన్నులారా చూసినవారు కూడా వాళ్ళే. ఆ తరువాత ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, పిల్లల చదువులు వచ్చిపడ్డాయి. పండుగ ఆగిపోయింది.

తిరిగి 2025 జనవరి చివరిలో ఒక బుధవారంనాడు ఆ నలుగురూ జనగామ స్టేషను ప్లాట్‌ఫారం మీద కలుసుకున్నారు. అందరికీ అరవై అయిదు దాటింది. ఒకాయన హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఆయనను మిత్రులు కూడా 'సారు' అనే పిలుస్తారు. రెండో ఆయనకు బట్టల దుకాణం, ఆయన 'సేటు'. మూడో ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించాడు. గార్డులను 2022 జనవరి నుంచి 'ట్రైన్ మేనేజర్' అని పిలవాలని రైల్వేవారు నిర్ణయించినప్పుడు, 'మూడేండ్లు ముందుగాల రిటైరయిన పాపానికి నేను మేనేజర్ను కాలేకపోయిన' అని అతడు ఊరంతా చెప్పుకున్నాడు. నాలుగో ఆయన మాత్రం మొదటినుంచీ ఒకే పేరుతో ఉన్నాడు. అతడు ఆపరేటర్.

ఆపరేటర్ పని గురించి కొంత చెప్పుకోవాలి. ఈ రోజున సినిమాహాలులో బొమ్మ చూపించేది ఒక కంప్యూటరు. ఉపగ్రహం ద్వారానో హార్డ్‌డిస్కులోనో చిత్రం వస్తుంది. మీట నొక్కితే చాలు. కాని ఆ కాలంలో ప్రతి హాలులోనూ ఇనుప ఏనుగులవంటి రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. రెండు కర్బన కడ్డీల మధ్య మండే విద్యుజ్జ్వాలే దీపం. కడ్డీలు అరిగేకొద్దీ వాటి ఎడం సరిచేస్తూ ఉండాలి. ఏమరితే తెర పచ్చబడిపోతుంది, కింద నుంచి ఈలలు మొదలవుతాయి. సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషానికి 90 అడుగుల ఫిల్ము జారిపోతుంది. రెండు వేల అడుగుల చుట్ట ఇరవై రెండు నిమిషాలలో అయిపోతుంది. అది ముగిసే క్షణానికి రెండో యంత్రం మీద తరువాతి చుట్ట అందుకోవాలి. ప్రేక్షకుడికి అతుకు తెలియరాదు.

ఆ క్షణం ఎప్పుడో చెప్పేది ఒక చుక్క. తెర మీద కుడివైపు పై మూలన నాలుగు బొమ్మల పాటు, అంటే సెకనులో ఆరోవంతు మాత్రమే, ఒక చిన్న గుండ్రని గుర్తు మెరుస్తుంది. అది కనబడగానే రెండో యంత్రం మోటారు తిప్పాలి. ఏడెనిమిది సెకన్లకు మళ్ళీ అక్కడే ఇంకొకటి మెరుస్తుంది. అప్పుడు దీనిని మూసి దానిని తెరవాలి. ఆటకు అయిదారుసార్లు, నాలుగు ఆటలకు ఇరవైసార్లకు పైగా, ముప్ఫయి ఏళ్ళకు మించి ఆపరేటర్ ఆ కుడి మూలను చూస్తూ బ్రతికాడు. కథానాయిక ఏడుస్తున్నా, ప్రతినాయకుడు కత్తి దూస్తున్నా అతడి చూపు మూలనే ఉండేది. డిజిటల్ యంత్రాలు వచ్చాక అతడి పని పోయింది. మరికొన్నాళ్ళకు ఆ హాలే ఫంక్షన్ హాలు అయింది.

అందుకే ఈ ప్రయాణం తలపెట్టినవాడు సేటు అయినా, ఎక్కువగా సంబరపడ్డవాడు ఆపరేటర్. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, అందరికన్నా ముందే స్టేషనుకు వచ్చి కూర్చున్నాడు.

సికింద్రాబాదులో దిగాక డబుల్ డెక్కర్ లేదు. గార్డు అందరినీ మెట్రో ఎక్కించాడు. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆ మార్గంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు ఒక స్టేషనే ఉంది. ఎస్కలేటరు మీద దిగుతూ సారు చేయి చూపి, ఒకప్పటి ఓడియన్ ఎక్కడుండేదో, సుదర్శన్ 70 ఎం.ఎం. ఎక్కడుండేదో చెప్పుకొచ్చాడు. అవి రెండూ నేలమట్టమయ్యాయి. సుదర్శన్ 35 మాత్రం నిలిచి ఉంది. ఎదుట కొత్త నటుల నిలువెత్తు బొమ్మలు, వాటికి వేసిన పూలదండలు, ఆ దండల కింద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న కుర్రవాళ్ళు. ఆ ఒక్క దృశ్యంలో మాత్రం నలభై ఏడేళ్ళు గడిచిన జాడ లేదు.

మార్నింగ్ షోకు అక్కడే వెళ్ళారు. దీపాలు ఆరిపోయాక లోపలికి నడవడంతో ఆపరేటర్ ఒక మెట్టు తప్పి మోకాలిమీద పడ్డాడు. 'ఏం కాలేదు, ఏం కాలేదు' అంటూ లేచాడు. వయసు మీద పడ్డవాళ్ళు చీకట్లో తడబడడం వింత కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు. కాని విశ్రాంతి తరువాత సారు ఒక సంగతి గమనించాడు. తెర వెలుగులో ఆపరేటర్ తల నిలకడగా లేదు. కుడికి, ఎడమకు, మళ్ళీ కుడికి మెల్లగా తిరుగుతోంది. పెద్ద గోడమీద రాసిన ప్రకటనను దగ్గరగా నిలబడి చదివే మనిషిలా అతడు తెరను ముక్కలు ముక్కలుగా చూస్తున్నాడు.

ఆట వదిలాక ఇరానీ హోటల్లో కూర్చున్నారు. ఇప్పుడు వన్ బై టూ అడగవలసిన అవసరం లేదు. నాలుగు చాయ్‌లు, ఉస్మానియా బిస్కట్లు వచ్చాయి. కుర్రవాడు మంచినీళ్ళ గ్లాసు ఆపరేటర్ కుడిచేతి పక్కన పెట్టి వెళ్ళాడు. మాటల్లో చేయి కదిపిన ఆపరేటర్ ఆ గ్లాసును పడదోశాడు. నీళ్ళు సేటు పంచె మీద పడ్డాయి. సేటు నవ్వాడు. గార్డు నవ్వలేదు.

రైలు నడిపేవారికి, గార్డులకు నియమిత కాలంలో కంటిపరీక్షలు జరుగుతాయి. ఉద్యోగకాలమంతా గార్డు ఎన్నిసార్లు ఆ పరీక్షలకు కూర్చున్నాడో లెక్కలేదు. తోటివాడొకడు ఆ పరీక్షలోనే తప్పి, బండి దిగి, ఆఫీసు పనికి మారడం అతడికి గుర్తుంది. గార్డు లేచి ఆపరేటర్ ఎదుట కూర్చున్నాడు.

"నా ముక్కు దిక్కే చూడు. తల తిప్పకు" అన్నాడు. తన చేయి పక్కకు బారజాపి, రెండు వేళ్ళు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెచ్చాడు. "వేళ్ళు ఎప్పుడు కనబడితే అప్పుడు చెప్పు."

చేయి సగం దూరం వచ్చింది. ఆపరేటర్ పలకలేదు. ఇంకా వచ్చింది. గార్డు చెవి దాకా వచ్చాక "ఆఁ" అన్నాడు. రెండోవైపు కూడా దాదాపు అంతే.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పక్క బల్లల దగ్గర కప్పుల చప్పుడు వినబడుతోంది.

"ఎన్నొద్దులాయె?" అన్నాడు గార్డు.

"రెండేండ్లు" అన్నాడు ఆపరేటర్ తల వంచుకుని. "ఊర్ల కండ్ల క్యాంపు పెట్టిండ్రు. నీటికాసులన్నరు. చుక్కల మందు ఇచ్చిండ్రు. రెండు సీసాలు వేసిన. చూపు ఇసుమంత గూడ పెరగలే. ఇగ ఎందుకని బంద్ చేసిన."

"మాకెందుకు చెప్పలేదురా?" అని సేటు గట్టిగా అడిగాడు.

"చెప్తే సినిమాకు పిలుస్తరా?"

ఆ మాటకు ముగ్గురి దగ్గరా జవాబు లేకపోయింది.

నీటికాసులు అనే జబ్బుకు వైద్యులు వాడే పేరు గ్లకోమా. కంటిలో ఊరే ద్రవం సరిగా బయటికి పోక లోపలి ఒత్తిడి పెరగడం వల్ల, కంటినుంచి మెదడుకు దృశ్యాన్ని చేరవేసే నాడి క్రమంగా దెబ్బతింటుంది. ఒత్తిడి పెరగకుండానే నాడి దెబ్బతినే సందర్భాలు కూడా ఉన్నాయి. సాధారణంగా నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు ముందుగా పోయేది అంచుల్లో. ఎదుటనున్న అక్షరం స్పష్టంగానే కనబడుతుంది కనుక మనిషికి అనుమానం రాదు. అనుమానం వచ్చేనాటికి చాలా నష్టం జరిగిపోతుంది. మనదేశంలో నలభై ఏళ్ళు దాటినవారిలో సుమారు కోటీ పన్నెండు లక్షలమందికి ఈ జబ్బు ఉన్నదని 2010లో వెలువడిన ఒక అంచనా. వారిలో అత్యధికులకు తమకా జబ్బు ఉన్నదనే తెలియదు.

శుక్లానికి దీనికి తేడా ఇక్కడే ఉంది. శుక్లం తీయిస్తే పోయిన చూపు తిరిగివస్తుంది. ఊళ్ళో ఎవరికి ఆపరేషను జరిగినా మర్నాడు 'బాగా కనబడుతోంది' అని చెబుతారు. నీటికాసులలో పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు చేసేదల్లా ఒత్తిడిని తగ్గించి, ఉన్నదానిని నిలబెట్టడం. ఎదురుచూసిన మేలు కంటికి కనబడదు గనుక మందు దండుగ అనిపిస్తుంది. ఆపరేటర్ చేసిన పొరపాటు అతడొక్కడిదే కాదు; లెక్కకు మిక్కిలి మంది చేసేదే.

మాటినీకి దేవి థియేటరులో టిక్కెట్లు ముందే తీసి ఉన్నాయి. సేటు వాటిని చించివేసి, ఆ క్షణమే బండెక్కి ఇంటికి పోదామన్నాడు. ఆపరేటర్ ససేమిరా అన్నాడు. "నేను కూసోని చూస్త. మీరు నా మొకం చూడకుండ్రి, బొమ్మ చూడుండ్రి" అన్నాడు. లోపలికి వెళ్ళారు. తెరమీద భారీ యుద్ధం జరిగింది, పాటలు వచ్చాయి, జనం చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చాక కథ ఏమిటని అడిగితే ఆ ముగ్గురిలో ఒక్కరూ చెప్పగలిగి ఉండేవారు కాదు. ఆపరేటర్ మాత్రం చెప్పగలడు.

సాయంత్రం ఆటో చేసుకుని ఎన్టీఆర్ మార్గ్‌లోని ప్రసాద్స్‌కు బయలుదేరారు. ఫస్ట్ షో అక్కడ. 2003లో ఐమాక్స్ తెరతో ప్రారంభమైన ఆ భవనం ముందు నిలబడి, సారు పాఠం చెప్పే ధోరణిలో మొదలుపెట్టాడు. ఎల్.వి. ప్రసాద్ ఏలూరు దగ్గరి పల్లెటూరినుంచి చేతిలో డబ్బులేకుండా బొంబాయి చేరిన మనిషి. 1931లో 'ఆలం ఆరా', 'కాళిదాస్', 1932లో 'భక్త ప్రహ్లాద': హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించాడు. 'షావుకారు', 'మిస్సమ్మ' ఆయన తీసినవే. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు దక్కింది. ఈ భవనం ఆయన కుటుంబంవారిది.

"ఇదంతా మాకు తెలుసు గదా" అన్నాడు సేటు విసుగ్గా.

"ఇది తెలుసా మరి? సినిమాల్లో సంపాదించిన దాంట్లోనుంచి ఆయన కండ్ల దవాఖానకు విరాళం ఇచ్చిండు. 1987ల మొదలైంది. ఆయన పేరు మీదనే ఉంది. బంజారా హిల్స్‌ల, ఇక్కడికి దగ్గర్నే. పైసలు కట్టలేనోళ్ళకు ఊరికెనే చూస్తరు." సారు ఆపరేటర్ భుజంమీద చేయివేశాడు. "బొమ్మ చూపించి సంపాదించిన పైస, బొమ్మ చూసే కండ్లకు పెట్టిండు. నువ్వు జీవితమంతా ఆయన కులపోనివే, బొమ్మ చూపెట్టినోనివి. నీకు ఆ గడప తొక్కడానికి మొగమాటమేందిరా?"

ఆపరేటర్ మాట్లాడలేదు. కాని కాదనలేదు కూడా.

ఆటలో సారు అతడి పక్కన కూర్చున్నాడు. ఆ తెర చాలా పెద్దది. పక్కలు సరిగా కనబడనివాడికి తెర ఎంత పెద్దదైతే అంత కష్టం. సారు చెవిలో నెమ్మదిగా కథ చెప్పడం మొదలుపెట్టాడు: నాయకుడు లోపలికి వస్తున్నాడు, చేతిలో ఉత్తరముంది, ఏడుస్తున్నాడు. రెండు నిమిషాలు విని ఆపరేటర్ అతడి చేయి నొక్కాడు.

"కథ నాకు కనబడుతున్నది సారూ. నడిమిట్ల ఉన్నది నాకు కనబడుతది. నాకు మూలలు చెప్పు."

అప్పటినుంచి సారు మూలలు చెప్పాడు. ఎడమపక్క తలుపుచాటున తల్లి నిలబడి ఉంది. కుడివైపు పైన కిటికీలో పావురం వాలింది. కింద మూలన పిల్లవాడు చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఏళ్ళ తరబడి సినిమాలు చూసినా, తెర మూలల్లో ఇంత జీవితం ఉంటుందని లెక్కల సారుకు ఆ రోజే తెలిసింది. ముందు వరుసలోని యువతి ఒకసారి వెనుదిరిగి చూసింది. విషయం గ్రహించి, మళ్ళీ తిరగలేదు. చూపులేనివారు, వినికిడిలేనివారు హాలులో సినిమాను ఆనందించేందుకు తగిన ఏర్పాట్లు ఉండాలని 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ మార్గదర్శకాలు వెలువరించింది. తెరమీది దృశ్యాన్ని చెవిలో వివరించే శ్రవణవర్ణన అందులో ఒకటి. ఆ సాయంత్రం ఆ ఏర్పాటును ఒక మిత్రుడు తన గొంతుతో చేశాడు.

రాత్రి బండికి వెళ్ళలేదు. సేటు కూతురు ఇల్లు ఉప్పల్‌లో ఉంది. నలుగురూ అక్కడ పడుకుని, మర్నాడు ఉదయం ఏడుగంటలకల్లా కంటి ఆసుపత్రి వరుసలో నిలబడ్డారు. ఒకప్పుడు టిక్కెట్ల కోసం నిలబడినట్టే. గార్డు ముందు, ఆపరేటర్ నడుమ, మిగిలిన ఇద్దరూ వెనుక.

మధ్యాహ్నం దాకా పరీక్షలు జరిగాయి. ఒక గోళంలోకి చూస్తూ, చిన్న వెలుగుచుక్క మెరిసినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చూపు ఎంతమేరకు వ్యాపించి ఉన్నదో కొలిచే పరీక్ష అది. బయటికి వచ్చిన ఆపరేటర్ ముఖంలో మొదటిసారి కొంత హుషారు కనబడింది. "చుక్క మెరిస్తే మీట నొక్కుడట! నాకు నేర్పుతరా?" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "శాన చుక్కలు తప్పిపోయినయి కావచ్చు" అన్నాడు.

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. కుడికన్ను అంచులు చాలావరకు పోయాయి. ఎడమకన్ను కొంత మెరుగు. పోయింది రాదు. ఉన్నది నిలుస్తుంది, అయితే ప్రతి రాత్రి తప్పకుండా చుక్క వేసుకోవాలి. అవసరమైతే తరువాత చికిత్స మారుస్తాము. "మీ తమ్ముళ్ళను, పిల్లలను కూడా పరీక్ష చేయించండి. ఇది కుటుంబంలో వచ్చే అవకాశం ఎక్కువ" అంది. ఆపరేటర్‌కు ఒక తమ్ముడు, ఇద్దరు కొడుకులు ఉన్నారు. తన కంటికోసం రెండేళ్ళు కదలనివాడు ఆ మాట విని ఆసుపత్రి మెట్లమీదనుంచే పెద్దకొడుక్కు ఫోను చేశాడు.

"రోజూ ఎన్ని గంటలకు వేసుకుంటవు? మరిచిపోతవు" అన్నాడు గార్డు, బండి వేళల లెక్కలో.

ఆపరేటర్ కొంచెం ఆలోచించి, "సెకండ్ షో టైముకు" అన్నాడు.

చిన్న ఊళ్ళలో సెకండ్ షో మొదలయ్యే వేళ దాదాపు రాత్రి తొమ్మిదిన్నర. ఆనాటినుంచి జనగామలో రాత్రి తొమ్మిదిన్నరకు ఆపరేటర్ ఇంట్లో ఫోను మోగుతుంది. ఒకనాడు సారు, ఒకనాడు సేటు, ఒకనాడు గార్డు. పలకరింపులు, కుశలప్రశ్నలు ఏవీ ఉండవు.

"చుక్క పడ్డదా?"

"పడ్డది" అని జవాబు వస్తుంది. "రెండో మిషను నడుస్తున్నది."